మొదటి ఎండ్యూరెన్స్ రైడ్: ప్లెజర్ రైడా, పోటీ రైడా? ఏది మేలు?

గుర్రం మీద గంటన్నర తిరిగి రావడం అలవాటైన వాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది, ఇంకాస్త దూరం వెళ్తే ఎలా ఉంటుందో అని. నాకూ అలాగే మొదలైంది. ఎండ్యూరెన్స్ అంటే గుర్రంతో చాలా దూరం వెళ్లి, దాన్ని క్షేమంగా తిరిగి తీసుకురావడం. మొదటిసారి వెళ్లేవాళ్ల ముందు రెండు దారులుంటాయి. ఒకటి ప్లెజర్ రైడ్. గుర్తులు పెట్టిన దారిలో 10 నుంచి 30 కిలోమీటర్ల దాకా వెళ్లి రావాలి, ర్యాంకులు ఉండవు. రెండోది పోటీ రైడ్‌లో అన్నిటికంటే కింది స్థాయి. దూరం తరచుగా 40 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. పశువైద్యుల తనిఖీలు, గుండె వేగానికి హద్దు, గడియారం అన్నీ ఉంటాయి.

మొదటిసారికి ప్లెజర్ రైడే మేలని నా అభిప్రాయం. అయితే "అది తేలిక కాబట్టి" అని చాలామంది చెప్పే కారణంతో నేను ఏకీభవించను. పోటీ రైడ్‌లో గుర్రాన్ని కనిపెట్టుకుని ఉండటానికి మీరు కాక ఇంకో జత కళ్లుంటాయి. ప్లెజర్ రైడ్‌లో సాధారణంగా ఆ కళ్లు మీవే. గుర్రాన్ని గమనించడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు, గమనించకుండా పాడుచేసుకోవడానికి కూడా ఇంతకంటే వీలైన చోటు లేదు.

ముందు పోటీ రైడ్ గొప్పతనం చెప్పాలి. బయలుదేరే ముందే వెట్, అంటే పశువైద్యుడు, గుర్రాన్ని చూస్తారు. చర్మాన్ని చిటికెతో పట్టి వదిలి అది ఎంత త్వరగా సర్దుకుంటుందో చూస్తారు. పంటి చిగురు మీద వేలితో నొక్కితే పాలిపోయిన చోట రెండు సెకన్లలో మళ్లీ ఎరుపెక్కాలి. పొట్టకి స్టెతస్కోప్ పెట్టి పేగుల చప్పుడు వింటారు. తర్వాత గట్టి నేల మీద, పగ్గం వదులుగా పట్టుకుని, గుర్రాన్ని ట్రాట్‌లో, అంటే నడకకీ దౌడుకీ మధ్య వేగంలో, కొంత దూరం తీసుకెళ్లి తేవాలి. కుంటు అక్కడే బయటపడుతుంది. ఈ పరీక్షే మధ్యలోనూ చివర్లోనూ మళ్లీ ఉంటుంది. నడక తేడాగా ఉంటే మీరు ఎంత ముందున్నా ఆ రోజుకి అంతే. అమెరికాలో 1972లో మొదలైన ఎండ్యూరెన్స్ రైడ్ సంస్థ ఏఈఆర్‌సీ, "పూర్తి చేయడమే గెలుపు" అనే మాటని తన నినాదంగా పెట్టుకుంది. వాళ్ల దగ్గర 40 నుంచి 56 కిలోమీటర్ల రైడ్‌లో గీత దాటినంత మాత్రాన పూర్తయినట్టు కాదు. ఆ తర్వాత అరగంటలోపు గుర్రం గుండె నిమిషానికి 60కి దిగాలి, దిగిన క్షణమే మీ సమయంగా లెక్క. ఈ క్రీడలో నాకు బాగా నచ్చిన రూల్ ఇదే.

మరి ఇంత మంచి ఏర్పాటు ఉండగా మొదటిసారే అక్కడికి ఎందుకు వద్దంటున్నాను? వేగం వల్ల. గుర్రం నడక గంటకి 6, 7 కిలోమీటర్లు, నిలకడైన ట్రాట్ 12 నుంచి 14. సగం సమయం నడక, సగం సమయం ట్రాట్ అనుకుంటే సగటు 9 నుంచి పదిన్నర దాకా వస్తుంది. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ గేటు తెరవడానికి దిగాలి, వాగు దగ్గర ఆగాలి, దారి గుర్తు కనబడక వెనక్కి రావాలి, రాళ్ల దారిలో నడిపించాలి. పోటీలో కనీస వేగం తప్పకూడదన్న టెన్షన్ మొదలవగానే, పోయిన పది నిమిషాల్ని కొత్తవాళ్లు దౌడుతో పూడ్చాలని చూస్తారు. అలసిన కాళ్లకి చివరి పది కిలోమీటర్లలో దౌడు పెట్టడమే స్నాయువు (కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ) దెబ్బతినడానికి దారి. రౌతు కొద్దీ గుర్రం అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ప్లెజర్ రైడ్‌లో కూడా ఎక్కువ చోట్ల ఒక వేగ పరిధి చెబుతారు, కానీ ఆలస్యమైతే పోయేదేమీ లేదు. ఆ పోయేదేమీ లేకపోవడమే గుర్రానికి రక్షణ.

ఇంకో కారణం శరీరానిది. సాధనతో గుండె, కండరాలు కొద్ది నెలల్లో గట్టిపడతాయి. స్నాయువులు, ఎముకలు, డెక్కలు అంత తొందరగా మారవు, వాటికి ఏడాదీ అంతకంటే ఎక్కువా పట్టొచ్చు. అందుకే ఊపిరి బాగుంది, ఉత్సాహంగా ఉంది, అని గుర్రాన్ని నమ్మి ముందుకు తోస్తే మోసపోయేది దాని కాళ్లే. వయసు కూడా చూడాలి. అదే ఏఈఆర్‌సీ 40 కిలోమీటర్ల స్థాయికి గుర్రానికి కనీసం 48 నెలలు, 80 కిలోమీటర్లకి 60 నెలలు నిండాలంటుంది. జాతి గురించి మాత్రం అంత దిగులు అక్కర్లేదు. పై స్థాయిలో అరబ్బీ గుర్రాలదే రాజ్యం అన్నది నిజమే, కానీ 15 కిలోమీటర్లకి ఆరోగ్యంగా ఉన్న ఏ గుర్రమైనా, పోనీ అనే పొట్టి గుర్రమైనా సరే.

ప్లెజర్ రైడ్ అని తేల్చుకున్నాక రెండో ప్రశ్న దూరం. ఒకే రోజున 15, 30 రెండూ పెడితే ఏది? ఇంటి దగ్గర మీరు హాయిగా చేసే అత్యంత పొడవైన రైడ్ ఎంతో నిజాయితీగా చూసుకోండి. అది రైడ్ దూరంలో కనీసం మూడింట రెండు వంతులుండాలి. 10, 12 కిలోమీటర్లు చేస్తుంటే 15 సరిపోతుంది. 30కి పేరు ఇవ్వాలంటే 20 కిలోమీటర్లు చాలాసార్లు చేసి, మర్నాడు గుర్రం మామూలుగా ఉందని చూసి ఉండాలి. తేలని పక్షంలో చిన్నదే తీసుకోండి. గుర్రం ఇంకా వెళ్దామన్నట్టు చెవులు ముందుకి నిక్కబొడుచుకుని ఇంటికొస్తే, రెండోసారి ట్రైలర్ ఎక్కించడం చాలా సులువవుతుంది.

మూడో ప్రశ్నకి జనం తక్కువ విలువిస్తారు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది అదే: ఒంటరిగానా, తోడుతోనా, గుంపులోనా?

గుర్రం మంద జంతువు. ఇంటి చుట్టూ బుద్ధిగా నడిచేదే, ఆ రోజు పొద్దున ముప్పై గుర్రాలు ఒకదాని వెనుక ఒకటి బయలుదేరుతుంటే వేరే గుర్రమైపోతుంది. మా గుర్రం ఇంటి దగ్గర పిల్లలు కూడా ఎక్కేంత సాధువు. మొదటి రైడ్‌లో వెనుక నుంచి నలుగురు దౌడుతో దాటిపోగానే తల ఎగరేసి, అడ్డంగా నడుస్తూ, రెండు కిలోమీటర్లకే చెమటతో తడిసిపోయింది. నేను పగ్గాలు బిగించే కొద్దీ అది ఇంకా ఉడికిపోయింది. చివరికి దిగి, పక్కకి తీసుకెళ్లి, అందరూ వెళ్లేదాకా గడ్డి మేపాను. ఆ పది నిమిషాలే మా రైడ్‌ని నిలబెట్టాయి.

కాబట్టి గుంపు వద్దు. ఒంటరిగా వెళ్లగలిగే గుర్రాలుంటాయి, కానీ మొదటిసారి మీరు పడితే ఫోన్ చేయడానికి కూడా ఇంకో మనిషి ఉండాలి. ఇలాంటి రైడ్‌లు చేసి ఉన్న ఒక్క నెమ్మదైన గుర్రం, తొందర లేని ఒక్క మనిషి తోడుగా ఉంటే చాలు. ఇద్దరూ నెమ్మదైన గుర్రం వేగంతోనే వెళ్తామని ముందే మాట అనుకోండి. ప్లెజర్ రైడ్‌లో బయలుదేరడానికి తరచుగా గంటో రెండు గంటలో వ్యవధి ఇస్తారు కాబట్టి, మొదటి తాకిడి వెళ్లాక బయలుదేరవచ్చు. ఒకేసారి అందర్నీ వదిలే పోటీల్లో ఈ సౌకర్యం అంత సులువుగా దొరకదు. మరొకరిని దాటాలంటే ముందు కేక వేసి అడగండి, నడకలోనే దాటండి. తోకకి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటే ఆ గుర్రం తన్నుతుందని అర్థం.

ప్లెజర్ రైడ్‌లో వెట్ చేసే పని కొంతైనా మీరే చేయాలన్నాను కదా. దానికి మామూలు స్టెతస్కోప్ చాలు. గుర్రం ఎడమ ముంగాలి మోచేయి వెనుక పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి. విశ్రాంతిలో గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. పోటీల్లో చాలాచోట్ల గుండె దిగాల్సిన హద్దు 64, అంటే 15 సెకన్లలో 16 దెబ్బలు. సగం దారిలో ఆగి, జీను పట్టీ వదులు చేసి, పది నిమిషాల తర్వాత లెక్కపెట్టండి. 64 కంటే కిందికి రాకపోతే మిగతా దారి నడకే. ఇరవై నిమిషాలకీ దిగకపోతే నిర్వాహకులకి ఫోన్ చేయండి. వెనుక కాళ్లు బిగుసుకుపోయి అడుగు వేయనంటే, మూత్రం కాఫీ రంగులో వస్తే, డొక్కలు గుండె లయతో కొట్టుకుంటుంటే ఒక్క అడుగు కూడా నడిపించకుండా వెట్‌ని పిలవాలి.

నీళ్ల విషయంలో కొత్తవాళ్లు కంగారు పడతారు. మా గుర్రం మొదటి రెండు తొట్ల దగ్గర మూతి కూడా పెట్టలేదు. అది మామూలే. గుర్రం చెమటలో ఉప్పు బాగా ఎక్కువ. నీరూ ఉప్పూ కలిసే బయటికి పోవడంతో రక్తం చిక్కబడినట్టు శరీరానికి తెలియదు, దాహం ఆలస్యంగా వేస్తుంది. ప్రతి తొట్టి దగ్గరా ఆగండి, తాగినా తాగకపోయినా రెండు నిమిషాలు నిలబెట్టండి. మెడ మీద, కాళ్ల మధ్య నీళ్లు పోయండి. నీళ్లు తాగని గుర్రానికి ఎలక్ట్రోలైట్ (లవణాల) పేస్టు నోట్లో పెట్టకండి, ఉన్న నీటిని కూడా అది పేగుల్లోకి లాగేస్తుంది.

సామాను గురించి ఒక్క మాట: కొత్త జీను, కొత్త బూట్లు, కొత్త దాణా ఏదీ ఆ రోజు మొదలుపెట్టకండి. లాడాలు వారం ముందే చూపించుకోండి.

పోటీ రైడే ముందు మేలయ్యే సందర్భం ఒకటుంది. ఎన్నో రైడ్‌లు పూర్తి చేసిన గుర్రాన్ని దాని యజమాని మీకిచ్చి, తానూ ఇంకో గుర్రం మీద మీ పక్కనే వస్తానంటే కాదనకండి. అక్కడ నేర్పేది గుర్రమే. తనిఖీ దగ్గర తల దించి నిలబడటం, తొట్టి కనబడగానే తాగడం, ఎక్కడ నడవాలో ఎక్కడ ట్రాట్ చేయాలో దానికి తెలుసు. మీది కొత్త గుర్రమై, మీరూ కొత్తవారైతే మాత్రం ఈ దారి మీది కాదు.

ప్లెజర్ రైడ్ అయిన మర్నాడు పొద్దున కాళ్ల మీద చేయి వేసి వేడి, వాపు ఉన్నాయేమో చూడండి. వీపు మీద జీను ఆనిన చోటంతా వేళ్లతో నొక్కుతూ వెళ్లండి. తర్వాత గట్టి నేల మీద ట్రాట్ చేయించి, ఇంకొకరిని చూడమనండి. అన్నీ బాగుండి, దాణా ఖాళీ చేసి ఉంటే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వండి. ఇలాంటివి మూడు నాలుగు పూర్తయ్యాక, గుండె ప్రతిసారీ పది నిమిషాల్లోపు దిగుతుంటే, 40 కిలోమీటర్ల పోటీకి పేరు ఇవ్వొచ్చు.