తుఫానుకు లేచిన రేకులకు రబ్బరు వాషర్ స్క్రూలు

హుద్‌హుద్ (2014) లాంటి తుఫాన్లలో గాలి రేకును పైకి లాగుతుంది, అందుకే చూరు, మూలలే ముందు ఊడతాయి. ఇనుప పర్లిన్లకు (రేకుల కింద అడ్డంగా వేసే పట్టీలు) రేకు తిరిగి బిగించడానికి జె హుక్కుల (కొక్కెం బోల్టుల) కన్నా ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) వాషరున్న సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలే (తమంతట తామే బెజ్జం చేసుకునేవి) మేలు. చూరు, కొప్పు, అంచుల వెంట రేకు ముడతల్లో మిట్టమిట్టకూ ఒకటి వేయాలి. మధ్యలో మిట్ట విడిచి మిట్ట చాలు.

అసలు తప్పంతా బిగింపులోనే. వాషర్ కాస్త ఉబ్బగానే ఆపాలి. ఇంకా తిప్పితే రబ్బరు నలిగి, ఎండకు పగిలి కారుతుంది. పాత బెజ్జంలో పట్టుండదు. పక్కన కొత్తది వేసి, పాతదాన్ని బ్యూటైల్ టేపుతో (నీరు దిగని జిగురు రబ్బరు పట్టీ) మూయండి. స్క్రూ దిగేటప్పుడు రాలే ఇనుప రజను అదేరోజు ఊడ్చేయాలి, లేకుంటే రేకు తుప్పు పడుతుంది.

లోపం: స్క్రూల మామూలు జింక్ పూత సముద్రపు గాలికి ఆగదు. తీరంలోవాళ్లు మందపాటి పూతవే అడగండి. కర్ర దూలాలకు ఇవి వద్దు.