పగిలిన సిలిండర్ హెడ్: బాగుచేయించి నడిపినవి, మార్చి నడిపినవి

సిలిండర్ హెడ్ అంటే ఇంజిన్ బ్లాకు పైన మూతలా బిగించి, వాల్వులు ఉండే భాగం. దాని బయటి నీటి గోడ పగిలినప్పుడు వెల్డింగ్ చేయిస్తే, ఆ అతుకు ఇంజిన్ ఉన్నన్నాళ్లూ నిలబడింది. పోత ఇనుము హెడ్‌లో రెండు వాల్వుల మధ్య వచ్చిన పగులుకు పిన్నులు (పగులు వెంట బిగించే మర చీలలు) వేయిస్తే అదీ గట్టిగానే నడిచింది. అల్యూమినియం హెడ్‌లో అదే చోట వెల్డింగ్ చేయించినవి మాత్రం అంత నమ్మకం ఇవ్వలేదు. అతుకు బాగానే ఉంటుంది, దాని పక్కన కొత్త నెర్రె మొదలవుతుంది. బాగుచేయించినవీ, మార్చినవీ ఎక్కువకాలం వాడి చూశాక ముందు అడగాల్సినవి రెండే అని తేలింది: లోహం ఏది, పగులు ఎక్కడ? ఖర్చు లెక్క ఆ తర్వాత.

అసలు పగిలింది హెడ్డేనా, గ్యాస్కెట్ (హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే పలక) పోయిందా అన్నది ఇంజిన్ విప్పకముందు తేలదు. కూలెంట్ తగ్గుతూ ఉండటం, స్టార్ట్ చేసిన కాసేపటికే రేడియేటర్ గొట్టం రాయిలా బిగుసుకోవడం, తెల్లటి పొగ, మజ్జిగలా మారిన ఇంజిన్ ఆయిల్, ఇవన్నీ రెండింటికీ వచ్చే లక్షణాలే. రేడియేటర్ మూతి దగ్గర పెట్టే నీలి ద్రవం పసుపుగా మారితే దహన వాయువు నీళ్లలోకి వస్తోందని అర్థం. ఎటునుంచి వస్తోందో అది చెప్పదు.

హెడ్ దింపాక కంటితో చూసి తేల్చకండి. ఇనుముకి అయస్కాంత పొడి, అల్యూమినియానికి రంగు ద్రవం వాడాలి. రంగు పూసి పది నిమిషాలు ఆగి, తుడిచి, తెల్ల పొడి చల్లితే నెర్రె ఎర్రటి గీతలా పైకి వస్తుంది. అయితే ఇవి పైపైన కనిపించే పగుళ్లనే పట్టిస్తాయి. పోర్టు (గాలి, పొగ వెళ్లే దారి) లోపల, వాల్వు స్ప్రింగ్ కూర్చునే చోటు కింద ఉన్నవి దొరకాలంటే ప్రెషర్ టెస్ట్ తప్పదు. నీటి దారులన్నీ ప్లేట్లతో మూసి, రెండు మూడు బార్ల గాలి పెట్టి, వేడి నీళ్లలో ముంచి బుడగలు వస్తాయేమో చూడాలి. చల్లటి నీళ్లలో చేసిన టెస్టుకి విలువ ఇవ్వను. చాలా నెర్రెలు లోహం వేడెక్కి సాగినప్పుడే నోరు తెరుస్తాయి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. కొన్ని డీజిల్ ఇంజిన్లలో వాల్వ్ సీట్ల (మూసుకున్నప్పుడు వాల్వు ఆనే రింగుల) మధ్య సన్నటి గీత ఉన్నా వాడుకోవచ్చని తయారీదారు మాన్యువల్లోనే వెడల్పు పరిమితితో సహా రాసి ఉంటుంది. ప్రెషర్ టెస్టులో బుడగ రాకుండా, ఆ పరిమితి లోపల ఉన్న హెడ్‌ని పారేయడం వృథా.

ఇనుముకి కుట్టు పద్ధతి మేలు. పగులు రెండు కొసలూ ఎక్కడ ఆగాయో చూసి అక్కడ రంధ్రం వేస్తారు. తర్వాత దాని పొడవునా మరలు కోసి, ప్రతి పిన్నూ పక్కదాన్ని కొంచెం కొరికేలా వరుసగా బిగిస్తారు. వేడి తగలదు కాబట్టి హెడ్ వంగదు. పగులు సీటు కిందికి వెళ్తే పిన్నులు వేశాకే సీటు గాడి బోర్ చేసి కొత్త సీటు దిగ్గొట్టాలి. ఈ వరుస తప్పితే సీటు వదులై ఊడుతుంది. ఇనుము హెడ్ మొత్తాన్నీ ఎర్రగా కాల్చకుండా మామూలు వెల్డింగ్ పెట్టించడం మాత్రం వద్దు. అతుకు పక్క లోహం గాజులా పెళుసై మళ్లీ విరుగుతుంది.

అల్యూమినియం విషయం వేరు. పగులును అడుగు దాకా చెక్కి, రంగు ద్రవంతో మళ్లీ చూసి, హెడ్ మొత్తాన్ని ముందుగా వేడిచేసి టిగ్ వెల్డింగ్ (జడ వాయువు రక్షణలో చేసే విద్యుత్ వెల్డింగ్) చేయాలి. నూనె పీల్చిన పాత పోతలో అతుకులోకి గాలి బుడగలు చేరతాయి. పెద్ద నష్టం కంటికి కనిపించనిది: ఫ్యాక్టరీలో వేడి ప్రక్రియతో ఇచ్చిన గట్టిదనం అతుకు చుట్టూ పోతుంది. మెత్తబడిన చోట గ్యాస్కెట్ రింగు లోహంలోకి దిగి పట్టు వదిలేస్తుంది. వెల్డింగ్ తర్వాత క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) బేరింగుల వరుస చూడకపోతే షాఫ్టు చేత్తో తిరగదు. తిరగకుండానే బిగిస్తే విరుగుతుంది. ఫేసింగ్ (హెడ్ అడుగును చదును చేసే గ్రైండింగ్), సీట్లు, గైడ్లు (వాల్వు కాడ కదిలే గొట్టాలు) అన్నీ అయ్యాక ప్రెషర్ టెస్ట్ రెండోసారి చేయించాలి. అతుకులో దాగిన బుడగ గ్రైండింగులో బయటపడటం మామూలే.

కాబట్టి అల్యూమినియంలో దహన గది పగుళ్లు ఒకటి కన్నా ఎక్కువ ఉన్నా, హెడ్ బాగా వంగినా, గట్టిదనం పరీక్షలో మెత్తగా తేలినా మార్చడమే నా మాట. ఫేసింగుతో ఎంతైనా సరిచేయొచ్చనుకోవద్దు. మందం తగ్గేకొద్దీ కంప్రెషన్ పెరుగుతుంది, డీజిల్లో వాల్వు పిస్టన్‌కి దగ్గరవుతుంది, పైన క్యామ్ ఉన్న ఇంజిన్లో టైమింగ్ (వాల్వులు తెరుచుకునే వేళ) వెనక్కి జరుగుతుంది. కనీస మందం కన్నా తగ్గిందంటే ఆ హెడ్ పని అయిపోయినట్టే.

మార్చేటప్పుడు మంచి కంపెనీ కొత్త హెడ్ వేసినవే నిశ్చింతగా నడిచాయి. చవక పోతల్లో గైడ్లు వదులుగా, సీట్లు మెత్తగా రావడం చూశాను. బిగించేముందు వాల్వులు విప్పి కొలవాలి. పాత ఇంజిన్ నుంచి తీసిన హెడ్ అయితే కొనేముందే ప్రెషర్ టెస్ట్ అడగండి. వద్దంటే వదిలేయండి. పోత నంబరు, ఇంజెక్టర్ కూర్చునే లోతు, పోర్టుల ఆకారం పాతదానితో సరిపోవాలి.

హెడ్ ఎంత మంచిదైనా, దాన్ని పగలగొట్టిన కారణం అలాగే ఉంటే అదీ పగులుతుంది. థర్మోస్టాట్ కొత్తది వేయండి, రేడియేటర్ లోపల అడ్డుపడిందేమో, ఫ్యాన్ సరైన వేడికి తిరుగుతోందో, వాటర్ పంపు రెక్కలు అరిగాయేమో చూడండి. నీళ్లలో కలిపే లీకు మందు ముందే వాడి ఉంటే రేడియేటర్, హీటర్ రెండూ కడిగించాలి. ఆ మందు సన్న గొట్టాలనే ముందు మూసేస్తుంది.

బ్లాకు పైభాగాన్నీ స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి కొలవండి. 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరితే మాన్యువల్ పరిమితి చూడకుండా ముందుకెళ్లవద్దు. పలు పొరల ఉక్కు గ్యాస్కెట్‌కి అద్దంలాంటి నునుపు కావాలి. సాగే రకం బోల్టులు ఒకసారే పనికొస్తాయి. అడుగు మూసి ఉన్న బోల్టు రంధ్రాల్లో నూనె, నీళ్లు గాలితో పూర్తిగా ఊదేయాలి. లేకపోతే బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవమే బ్లాకును పగలగొడుతుంది. బిగింపు మధ్య నుంచి అంచులకు, ముందు టార్క్ (తిప్పే బలం) లెక్కన, తర్వాత డిగ్రీల (తిప్పే కోణం) లెక్కన. ఆయిల్‌లో నీళ్లు కలిసిన ఇంజిన్ అయితే మొదటి ఆయిల్‌ని కొద్దిసేపు నడిపాక తీసేసి, ఫిల్టర్‌తో సహా మళ్లీ మార్చండి.