నేలపట్టు పక్షుల అభయారణ్యం: కెమెరాతో వెళ్లేవారి కోసం

పక్షుల ఫొటోలు అనగానే మనలో చాలామందికి రాజస్థాన్‌లోని భరత్‌పూర్ గుర్తుకొస్తుంది గానీ, తిరుపతి జిల్లా దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువు అంతగా గుర్తుకు రాదు. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారికి కాస్త పక్కనే ఉన్న ఈ అభయారణ్యానికి దక్కవలసిన పేరు ఇంకా దక్కలేదన్నది నా అభిప్రాయం.

నీళ్లలోనే పెరిగిన కడప అనే జాతి చెట్లు ఇక్కడి అసలు సంపద. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండితే గూడబాతులు (పెలికాన్లు) ఆ కొమ్మల మీద గూళ్లు కట్టుకుని పిల్లలను సాకుతాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా వాటి పక్కనే కాపురం పెడతాయి. గూటికి తిరిగివచ్చే గూడబాతు రెక్క కదపకుండా చాలాసేపు గాలిలో తేలుతూ వచ్చి, కొమ్మ దగ్గరపడగానే కాళ్లు ముందుకు చాపి, రెక్కలు వెనక్కి విరిచి వేగం తగ్గించుకుంటుంది. ఆకలిగొన్న పిల్ల తన తలను పెద్ద పక్షి గొంతులోకి దూర్చి మరీ చేపలు అందుకుంటుంది. ఈ రెండు దృశ్యాల కోసమైనా ఉదయమంతా వాచ్ టవర్ మీద ఓపికగా నిలబడవచ్చు.

గూళ్లు దూరంగా ఉంటాయి కనుక 400 మిల్లీమీటర్లకు తగ్గిన లెన్సుతో పక్షి ముఖం నిండుగా వచ్చే చిత్రాలు ఆశించకూడదు. దీన్ని కొందరు లోపంగా లెక్కిస్తారు, నేను లెక్కించను. దూరం నుంచి తీసినప్పుడు పక్షితో పాటు కొమ్మ వంపు, ఆకాశం కూడా చిత్రంలోకి వస్తాయి, రంగు కంటే ముందు ఆకారం కనిపిస్తుంది.

ఆ ఆకారాన్ని చూసే పద్ధతి తెలియాలంటే, ఇదే జిల్లాలోని శ్రీకాళహస్తిలో కలంకారీ పని జరిగే చోట కాసేపు కూర్చోవడం మంచిది. కరక్కాయ, గేదెపాలతో సిద్ధం చేసిన గుడ్డ మీద కళాకారులు ముందుగా వెదురు కలంతో నల్లని రూపురేఖ గీస్తారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీటిలో ఊరబెట్టి చేసిన ఆ నల్లని ద్రావణాన్ని కసిం అంటారు. రంగులు వేయడం ఆ తరువాతి పని. నెమలి మెడను ఎక్కడ వంచారో, తోకను ఎక్కడ ఆపారో గమనించిన కన్ను, ఉదయపు వెలుగుకు ఎదురుగా నల్లగా కనిపించే గూడబాతు ముక్కును, దాని కింద వేలాడే సంచిని వెంటనే పట్టుకుంటుంది. మబ్బు పట్టి ఆకాశం తెల్లగా మారిన రోజుల్లో నాకు చిత్రకారుడు షేక్ జైనుద్దీన్ గుర్తుకొస్తాడు. 18వ శతాబ్దం చివర కలకత్తాలో అక్కడి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎలిజా ఇంపే దంపతుల కోసం ఆయన వేసిన పక్షి చిత్రాల వెనక ఉన్నది ఖాళీ తెల్ల కాగితమే, అయినా వాటిలో కొరత ఏమీ కనబడదు.

వెళ్లే ముందు చదవవలసిన పుస్తకం మాత్రం ఒకటుంది. సలీం అలీ 1941లో వెలువరించిన భారతీయ పక్షుల పుస్తకం ప్రతి పక్షి పరిమాణాన్ని పిచ్చుక, మైనా, కాకి వంటి పరిచిత పక్షులతో పోల్చి చెబుతుంది, వాటి అలవాట్లను, గూడు కట్టే కాలాన్ని కూడా వివరిస్తుంది. పక్షి తరువాత ఏం చేయబోతుందో తెలిసినవారికే సరైన క్షణంలో బటన్ నొక్కడం సాధ్యమవుతుంది. ఖరీదైన కెమెరా ఆ తెలివిని ఇవ్వలేదు.

వానలు సరిగా పడని ఏడాది చెరువులో నీళ్లు తగ్గి పక్షులు కూడా పలచబడతాయి కనుక, నీటిమట్టం ఎలా ఉందో కనుక్కున్నాకే బయలుదేరాలి. అక్టోబరు నుంచి మార్చి వరకు అనుకూలమైన కాలం. గూళ్ల దగ్గరికి పోయే ప్రయత్నం, చప్పట్లు కొట్టి పక్షులను లేపడం ఎవరు చేసినా అక్కడికక్కడే వారించాలి, ఎందుకంటే పెద్ద పక్షులు బెదిరి లేచిపోతే గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు బలవుతాయి. సాయంత్రానికి సమయం మిగిలితే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే దారిలో పులికాట్ సరస్సు దగ్గర ఆగండి. తల తలకిందులుగా నీళ్లలో ముంచి మేత వడకట్టుకునే ఫ్లెమింగోలు ఆ సీజనులో రోడ్డు మీది నుంచే కనిపిస్తాయి.