తిరుపతి ఎక్స్‌పోల్లో ‘పెన్ కలంకారీ’ కొనేముందు నెమలి కాలి కింద చూడండి

తిరుపతిలో కల్యాణ మండపాలు అద్దెకు తీసుకుని వారం పది రోజులు నడిపే హస్తకళల ఎక్స్‌పోల్లో, శ్రీకాళహస్తి పెన్ కలంకారీ అని చెప్పి స్క్రీన్ ప్రింట్ చీరలు (బొమ్మను జాలీ ఫ్రేముకి ఎక్కించి, దాని మీంచి రంగు లాగి ముద్రించినవి) అంటగడుతున్నారు. ఈ మధ్య ఒక స్టాల్లో మావాళ్లు రెండిళ్లవారు వేర్వేరు రోజుల్లో చెరొక కాటన్ చీర కొన్నారు. ఒక్కోటి 9,500 రూపాయలు. రెండింటికీ చెప్పింది ఒకటే మాట: “మొత్తం చేత్తో గీసిందే అక్కా, వెజిటబుల్ కలర్స్.”

రెండు కొంగులూ పక్కపక్కన పరిస్తే సంగతి బయటపడింది. కొంగు మధ్యలో నెమలి. దాని ఎడమ కాలి కింద కందిగింజంత సిరా చుక్క, కలం ఎత్తేటప్పుడు జారి పడినట్టు. రెండో చీరలోనూ అదే నెమలి, అదే కాలు, అదే చుక్క. చేత్తో గీసేవాళ్లకు చుక్క జారడం మామూలే. రెండు చీరల్లో ఒకే చోట మాత్రం జారదు. ఎవరో కష్టపడి గీసిన బొమ్మను, జారిన చుక్కతో సహా ఫొటో తీసి స్క్రీన్‌కి ఎక్కించారన్నమాట. ఆ చుక్కే చేతిపనికి సాక్ష్యం అనుకుని కొన్నవాళ్లు మోసపోయారు.

స్టాల్ పేరు రాయడం లేదు. ఈ స్టాల్ పోతే ఇంకొకటి వస్తుంది. బట్ట చూసి మీకు మీరే తేల్చుకోగలిగితే అదే అన్నిచోట్లా పనికొస్తుంది.

కలంకారీ మన దగ్గర రెండు రకాలు. శ్రీకాళహస్తిది వ్రాతపని: కలంతో గీస్తారు. మచిలీపట్నం, పెడనలది అద్దకం: చెక్క అచ్చులతో అద్దుతారు. రెండూ అసలైనవే, రెండింటికీ విడివిడిగా జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. అచ్చు వేసిన చీరను అచ్చు అనే చెప్పి అమ్మితే తప్పు పట్టాల్సింది ఏమీ లేదు, అదీ గొప్ప పనే. ఇక్కడ గొడవ మూడో రకంతో. స్క్రీన్ మీదో, డిజిటల్ మెషీన్ మీదో లాగిన బట్టను వ్రాతపని ధరకు అమ్మడంతో.

అసలు వ్రాతపని ఎలా పుడుతుందో తెలిస్తే నకిలీ ఎక్కడ దొరికిపోతుందో అర్థమవుతుంది. ముందు గంజి పోయేదాకా ఉతికిన నూలు బట్టను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల సిరా బట్ట మీద పాకదు. కరక్కాయలోని వగరు నల్లరంగును పట్టుకుంటుంది. చింతబొగ్గుతో లేతగా బొమ్మ వేసుకుని, దాని మీద కసింకారంతో గీస్తారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఊరితే వచ్చే సిరా అది. కుండలో ఉన్నప్పుడు అంత నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన బట్టకు తగలగానే నల్లబడుతుంది.

ఎరుపు ఇంకా విచిత్రం. ఎర్రరంగును నేరుగా పూయరు. ఎరుపు రావాల్సిన చోటల్లా పటిక నీళ్లు పూసి ఆరనిస్తారు. తర్వాత పారే నీళ్లలో జాడించి, ఎర్రరంగునిచ్చే సురుడు చెక్కో మంజిష్ఠో వేసిన నీళ్లలో ఉడకబెడతారు. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. మిగతా చోట్ల అంటిన మురికి ఛాయను పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి తెల్లబరుస్తారు. ఆ తర్వాత కరక్కపువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం, పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ప్రతి రంగుకీ మధ్యలో ఉతుకు ఉంటుంది. ఒళ్లంతా బొమ్మలున్న చీర వారాల పని. అలాంటిది రెండు వేలకు ఇస్తామంటే అక్కడే అనుమానించాలి. పది వేలు అడిగారు కాబట్టి అసలుదే అయ్యుంటుంది అనుకోవడం కూడా అంతే పొరపాటు. మా వాళ్లు చేసింది ఆ పొరపాటే.

ఇప్పుడు స్టాల్లో ఏం చూడాలి. ముందు చీర మొత్తం విప్పించండి. మడతలో పైకి కనిపించే కొంగు ముక్క చూసి తేల్చుకోవద్దు. ఒకే బొమ్మ రెండు చోట్ల వచ్చిన తావు వెతకండి. రెండు నెమళ్లు, రెండు ముఖాలు, రెండు పూలు, ఏవైనా సరే. ఒకేలా పట్టుకుని రెండింటికీ ఫోన్లో ఫొటో తీసి, ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూడండి. చేత్తో గీస్తే కన్ను కాస్త పెద్దదవుతుంది, ముక్కు కాస్త వంగుతుంది, చేతి వేళ్ల మధ్య సందు మారుతుంది. మెషీన్ పనిలో తేడా ఉండదు. అంచులో బొమ్మల మధ్య దూరం జానతో కొలవండి. ప్రతిసారీ సరిగ్గా ఒకే కొలత దగ్గర అదే ఆకు, అదే వంపు వస్తుంటే అది స్క్రీన్ రిపీటు. అచ్చులోనూ రిపీటు ఉంటుంది, కానీ అచ్చు అతికిన చోట గీత కొద్దిగా తప్పుతుంది, ఒకచోట రంగు గట్టిగా, ఇంకోచోట పలచగా పడుతుంది. ఏ అతుకూ లేకుండా మూర మూరకీ అచ్చుగుద్దినట్టు ఉంటే అది అచ్చు కూడా కాదు.

తర్వాత గీత. కలం అంటే వెదురు పుల్ల. మొనకు కాస్త పైన ఉన్ని గానీ బట్ట గానీ చుట్టి దారంతో కడతారు. సిరా ఆ ఉండలో ఉంటుంది, వేళ్లతో నొక్కితే మొనకు దిగుతుంది. అందుకే గీత మొదలైన చోట లావుగా, పోను పోను సన్నగా ఉంటుంది. సిరా అయిపోయి మళ్లీ ముంచిన చోట చిన్న కణుపులా కనిపిస్తుంది. పొడుగు గీతల్లో, ముఖ్యంగా అంచు గీతల్లో, ఈ కణుపులు వెతకండి. మూర పొడుగున ఒకే మందంతో, దారం పరిచినట్టు పోయే గీత కలానిది కాదు.

ఇక వెనక్కి తిప్పండి. కాటన్ మీద కసింకారం గీత బట్ట లోపలికి దిగుతుంది, వెనక కూడా దాదాపు అంతే స్పష్టంగా కనిపిస్తుంది. ఎరుపూ అంతే, ఉడికించిన రంగు కాబట్టి. స్క్రీన్ ప్రింట్‌లో పిగ్మెంటు రంగును బైండర్ అనే జిగురుతో బట్ట పైన అతికిస్తారు, కాబట్టి వెనక వెలిసినట్టు ఉంటుంది. కళ్లు మూసుకుని వేలితో రాస్తే రంగున్న చోట బిరుసుగా, పొరలా తగులుతుంది. ఒక జాగ్రత్త: పలచటి సిల్కు మీద ఏ రంగైనా వెనక్కి కనిపిస్తుంది కాబట్టి ఈ పరీక్ష కాటన్‌కే నమ్మకం. సిల్కు అయితే గీత, రిపీటు చూసే తేల్చుకోవాలి.

వీటన్నిటినీ దాటుకుని వచ్చే మోసం ఒకటుంది. నల్ల గీత మొత్తం స్క్రీన్ వేసి, లోపలి రంగులు మాత్రం చేత్తో నింపుతారు. రంగు అక్కడక్కడా గీత దాటి ఉంటుంది, హెచ్చుతగ్గులు ఉంటాయి, చూడగానే చేతిపనే అనిపిస్తుంది. రంగు చూసి మోసపోకండి, నల్ల గీతనే చూడండి. వ్రాతపని విలువంతా ఆ గీతలో ఉంది. స్క్రీన్ గీతకు చేత్తో రంగు నింపామని నిజం చెప్పి, దానికి తగ్గ ధరకు అమ్మేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో పేచీ లేదు.

రంగుల సంగతి కూడా ఒక మాట. సహజ రంగుల్లో రాణి పింక్, ఫ్లోరసెంట్ పచ్చ, మెరిసే ఊదా రావు. ఎరుపు ఇటుక ఛాయలో, పసుపు కాస్త మట్టి ఛాయలో ఉంటుంది. బట్ట నేల, అంటే బొమ్మల వెనక ఖాళీ భాగం, పాల మీగడ రంగులో ఉంటుంది. అలాగని కెమికల్ రంగులు కనిపించగానే నకిలీ అనేయకండి. శ్రీకాళహస్తి కళాకారులే సిల్కు చీరల మీద చేత్తో గీసి కెమికల్ రంగులు వేస్తున్నారు. అది చేతిపనే, కాకపోతే “వెజిటబుల్ కలర్స్” అని చెప్పి ఎక్కువ డబ్బు తీసుకోకూడదు. అందుకే ఒకే ప్రశ్న కాకుండా మూడు అడగాలి: గీత చేత్తోనా? రంగు నింపింది చేత్తోనా? రంగులు సహజమా, కెమికలా?

స్టాల్లో చేసి చూపించే ప్రదర్శనలతో జాగ్రత్త. తడి గుడ్డతో చీర రుద్ది “చూడండి, రంగు పోదు” అంటారు. జిగురుతో అతికించిన పిగ్మెంటూ తడి గుడ్డకు వెంటనే అంటదు. ఉల్టా, నిజమైన కలంకారీయే మొదటి ఉతుకులో కాస్త పసుపు నీళ్లు వదలొచ్చు. పిగ్మెంటు బండారం నాలుగైదు ఉతుకుల తర్వాత మడత గీతల దగ్గర తెల్లగా చిట్లినప్పుడు బయటపడుతుంది. అప్పటికి ఎక్స్‌పో ఎత్తేసి ఉంటారు.

ముందు టేబుల్ దగ్గర ఒకాయన కూర్చుని నిజంగానే కలంతో గీస్తుంటాడు. ఆయన పని అసలుదే కావచ్చు. వెనక దొంతరలో ఉన్న సరుకుకీ ఆయనకీ సంబంధం ఉందా అన్నదే ప్రశ్న. “ఇందులో మీరు గీసినవి ఏవి?” అని ఆయన్నే అడగండి. కేంద్ర హస్తకళల శాఖ కళాకారులకు ఇచ్చే పహచాన్ కార్డు ఉంటే చూపించమనండి, దాని మీద పేరు, ఫొటో, ఏ కళో ఉంటాయి. గోడకు తగిలించిన అవార్డు సర్టిఫికెట్ ఫ్రేము మీద పేరుకీ బిల్లు మీద పేరుకీ పొంతన ఉందేమో చూడండి.

లేబుళ్లు చూపించి నమ్మించడం ఇంకో పద్ధతి. సిల్క్ మార్క్ చెప్పేది బట్ట అసలు పట్టు అని మాత్రమే. హ్యాండ్‌లూమ్ మార్క్ చెప్పేది బట్టను మగ్గం మీద నేశారని. రెంటిలో ఏదీ బొమ్మ చేత్తో గీశారని చెప్పదు. మా వాళ్లు కొన్న చీరలకూ హ్యాండ్‌లూమ్ ట్యాగు ఉంది. అది నిజమే అయినా ఆ బట్ట మీద స్క్రీన్ వేయకూడదని ఏమీ లేదు కదా.

లోకల్ కేబుల్ టీవీలో స్క్రోలింగ్, పేపర్లో పెట్టి పంచే పాంప్లెట్, జిల్లా పేజీలో వార్తలా కనిపించే ప్రకటన, ఇవన్నీ డబ్బులిచ్చి వేయించుకునేవే. “కళాకారుల నుంచి నేరుగా మీకు” అని ఉన్నంత మాత్రాన ఎవరూ తనిఖీ చేసినట్టు కాదు. ప్రభుత్వ మేళా అయితే నిర్వహించే శాఖ పేరు బ్యానర్ మీద స్పష్టంగా ఉంటుంది. అది లేకుండా పెద్ద అక్షరాల్లో “మేళా” అని ఉంటే అది ప్రైవేటు అద్దె హాలు వ్యాపారమే అనుకోండి.

డబ్బు కట్టేముందు బిల్లు మీద ఈ మాటలు రాయించండి: “చేతితో గీసిన పెన్ కలంకారీ, స్క్రీన్ ప్రింట్ కాదు, సహజ రంగులు.” చాలామంది అమ్మకందారులు నోటితో ఏమైనా చెబుతారు గానీ ఇది రాయమంటే వెనకాడతారు. వెనకాడితే చీర అక్కడే పెట్టి వచ్చేయండి, బేరం కూడా వద్దు. మా వాళ్ల బిల్లు మీద ఉన్నది “కాటన్ శారీ, 1” అంతే. ఆ ఒక్క లైనే ఇప్పుడు మాకు అడ్డం పడుతోంది.

బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటే అందులో అంకెలు, అక్షరాలు కలిపి 15 ఉండాలి. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్: ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. జీఎస్టీ పోర్టల్లో ఆ నంబరు కొడితే వ్యాపారం పేరు, ఊరు వస్తాయి. చిన్న కళాకారులకు చాలామందికి ఈ నంబరు అవసరమే ఉండదు, కాబట్టి నంబరు లేకపోవడం తప్పు కాదు. వేరేవాళ్ల నంబరు వాడటం తప్పు. యూపీఐలో డబ్బు పంపేటప్పుడు స్క్రీన్ మీద వచ్చే పేరు బిల్లు మీద పేరుతో కలుస్తుందో లేదో చూసి, స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. స్టాల్ బోర్డుకీ ఒక ఫొటో తీయండి.

బిల్లు కింద “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని ముద్రించి ఉంటుంది. దానికి భయపడి ఊరుకోనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో, వాపసు తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. కొన్న విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, కొన్న రెండేళ్లలోపు వేయాలి. అమ్మినవాడు ఏ రాష్ట్రంవాడైనా మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఊరు మారే ఎక్స్‌పోల విషయంలో ఇది చాలా పెద్ద వెసులుబాటు. కావాల్సింది అవతలివాళ్ల చిరునామా. హాలు అద్దెకిచ్చినవాళ్ల దగ్గర అగ్రిమెంటు ఉంటుంది, ఎక్స్‌పో ఎత్తకముందే వెళ్లి అడగండి.

నిజమైన వ్రాతపని కావాలనుకుంటే శ్రీకాళహస్తి తిరుపతి నుంచి 40 కిలోమీటర్ల లోపే. 1957లో అక్కడ పెట్టిన శిక్షణ కేంద్రంతో ఈ పని మళ్లీ నిలదొక్కుకుంది. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పటికీ ఇళ్లలోనే గీస్తున్నారు. వెళితే సగం గీసిన చీర, ఉడికే రంగు కళ్లారా చూడొచ్చు, ఆర్డరిచ్చి వారాల తర్వాత తెచ్చుకోవచ్చు. స్క్రీన్ చీర ఒకటి వ్రాతపని పేరుతో అమ్ముడైన ప్రతిసారీ దెబ్బ తగిలేది ఆ ఇళ్లకే.

ఇటీవల తిరుపతి ఎక్స్‌పోలో మీగడ రంగు నేల, ఇటుక ఎరుపు అంచు, కొంగులో ఒంటి నెమలి ఉన్న కాటన్ కలంకారీ కొన్నవారు ఇంట్లో ఒకసారి విప్పి చూడండి. ఎడమ కాలి కింద ఆ చుక్క ఉంటే చీర ఉతకకండి, ఫాల్ కుట్టించకండి, ట్యాగు తెంచకండి. ముందూ వెనకా ఫొటోలు తీసి, బిల్లు తీసి పెట్టుకుని, కొని 30 రోజులు దాటకముందే అమ్మినవాళ్లకు వాపసు కోరుతూ వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా పంపండి. ఒకే చుక్క ఉన్న చీరలు ఎన్ని పక్కపక్కన పెట్టగలిగితే ఫిర్యాదు అంత గట్టిగా నిలబడుతుంది.