నాలుక చుట్టూ తిరిగే రష్యన్: ఒక కార్డుల యాప్‌తో మూడు నెలలు

రష్యన్‌లో 'యిజిక్' అనే ఒక్క మాటకు నాలుక అనీ, భాష అనీ రెండు అర్థాలున్నాయి. ఆ మాట చుట్టూ అల్లుకున్న నుడికారాలను నేర్పుతామంటూ ఒక మొబైల్ యాప్ ప్రత్యేకంగా ఒక కార్డుల కట్టను అమ్ముతోంది. ఏడాదిన్నరగా ఒక ఉపాధ్యాయిని దగ్గర వీడియో పాఠాల ద్వారా రష్యన్ నేర్చుకుంటున్న నేను ఆ కట్టను కొని, మూడు నెలలపాటు ప్రతి ఉదయం పది నిమిషాలు దానికి కేటాయించాను. వ్యాకరణం ఓ మోస్తరుగా పట్టుబడినా, నోరు తెరిస్తే పాఠ్యపుస్తకం అప్పజెబుతున్నట్టు వినిపించే దశలో ఉన్నవారికి ఇది ఎంతవరకు అక్కరకు వస్తుందో చెప్పదలిచాను.

ఉచ్చారణ విషయంలో ఈ కార్డులకు వంక పెట్టడానికి లేదు. మామూలు రష్యన్ అచ్చులో ఏ అక్షరాన్ని ఊనిక పెట్టి పలకాలో గుర్తు వేయరు. పైగా ఊనిక లేని చోట 'ఒ' అని రాసి ఉన్నా 'అ' అనే పలకాలి. ఈ కార్డుల్లో ప్రతి మాటకూ ఊనిక గుర్తు ఉంది, నిదానంగా ఒకసారి, మామూలు వేగంతో ఒకసారి మనిషి గొంతు వినిపిస్తుంది. నేను డబ్బు పెట్టింది దీనికే అనుకున్నా నష్టం లేదు.

అర్థాల దగ్గరకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. కార్డుకు ఒకవైపు రష్యన్ నుడికారం, మరోవైపు ఇంగ్లీషులో దాని భావం ఉంటాయి. తెలుగువాడికి ఈ దారి చుట్టుదారి. రష్యన్‌వారు నాలుకకు అప్పగించిన పనుల్లో చాలా వాటిని మనం నోటికి అప్పగించాం. ఆ ఒక్క సంగతి పట్టుకుంటే సగం కార్డులు కంఠస్థం చేయనక్కర లేకుండానే వస్తాయి. చెప్పకూడని మాట నాలుక మీది నుంచి ఊడిపడిందని రష్యన్‌వారంటే, నోరు జారిందని మనమంటాం. వారికి నాలుక దురద పెడితే మనకు నోటి దురద. 'కక్ ఉ తిబ్యా యిజిక్ పవిర్నూల్స్య' అన్న ప్రశ్నకు మాటకు మాట అర్థం 'నీ నాలుక ఎలా తిరిగింది' అని. యాప్ దీనికి మూడు వరుసల ఇంగ్లీషు వివరణ ఇచ్చింది గానీ, 'అంత మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది?' అన్న తెలుగు వాక్యం చెవిన పడితే ఆ మూడు వరుసలూ అక్కర్లేదు. వాగుడుకాయ నాలుకకు ఎముకలు లేవని వారంటారు, నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందని మనమంటాం. ఎముక పోయి నరం వచ్చిందే తప్ప ఎత్తిపొడుపు ఒకటే. ఇంగ్లీషు మీదుగా ప్రయాణం చేసే కార్డులకు ఈ చుట్టరికం తెలిసే అవకాశం లేదు కాబట్టి దాన్ని పెద్ద తప్పుగా లెక్కించను. కొనేవారు మాత్రం పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ప్రతి కార్డుకూ తెలుగు జోడీ తామే రాసుకోవడం మేలు.

అయితే జోడీ కుదిరినట్టే కుదిరి మోసం చేసేవి కూడా ఉన్నాయి. 'ప్రికుసీత్ యిజిక్' అంటే నాలుక కొరుక్కోవడం. మనకూ నాలుక కరుచుకోవడం ఉంది కదా అని నేను వెంటనే రాసేసుకున్నాను. తెలుగులో నాలుక కరుచుకునేవాడు అనరాని మాట అప్పటికే అనేసి, పొరపాటు తెలుసుకుని సిగ్గుపడుతున్నవాడు. రష్యన్‌లో నాలుక కొరుక్కునేవాడు భయంతోనో, ముందు వెనకలు ఆలోచించో, ఉన్నట్టుండి మాట ఆపేసినవాడు. మనవాడిది జరిగిపోయినదాని గురించిన నాలిక, రష్యన్‌వాడిది జరగబోయేదాన్ని ఆపే నాలిక. యాప్ ఇక్కడ 'మాట్లాడకుండా ఆగుట' అన్న అర్థంలో ఒక్క ముక్క ఇచ్చి ఊరుకుంది; ఒక చిన్న సంభాషణ జతచేసి ఉంటే ఈ తేడా తేటతెల్లమయ్యేది.

సంభాషణలు లేకపోవడం వల్ల నేను పడ్డ ఇబ్బంది ఒకటి చెప్పాలి. ఒకనాటి పాఠంలో మా ఉపాధ్యాయిని తాను చేసిన 'త్యోషిన్ యిజిక్' అనే వంటకాన్ని కెమెరా ముందు పెట్టి చూపించారు. ఆ పేరుకు అర్థం అత్తగారి నాలుక, అందులోనూ భార్య తల్లి నాలుక. వంకాయలను నిలువునా పలచగా కోసి వేయించి, వెల్లుల్లి కలిపిన మయొనైజ్ పూసి, మధ్యలో టమాటా ముక్క పెట్టి చుట్టిన వంటకం అది. కత్తుల్లాంటి పొడవాటి ఆకులతో కుండీల్లో పెరిగే ఒక మొక్కకు కూడా రష్యన్‌వారు ఇదే పేరు పెట్టుకున్నారు. అల్లుళ్ల కసి అంత దూరం వెళ్లిందన్నమాట. వంటకాన్ని మెచ్చుకోవాలనిపించి, నాలుక మింగడం గురించిన కార్డు గుర్తుకు వచ్చి, గొప్పగా 'యిజిక్ ప్రగ్లతీల్' అన్నాను. ఆమె కొన్ని క్షణాలు నా వంక చూసి, 'ఏమైంది, ఎందుకు మాట్లాడలేకపోతున్నారు?' అని అడిగారు. 'యిజిక్ ప్రగ్లోతిష్', అంటే 'నాలుక మింగేస్తావు' అని భవిష్యత్తులో, ఎదుటివారిని ఉద్దేశించి చెబితేనే అది రుచిని పొగడడం. 'మింగేశాడు' అని భూతకాలంలోకి మార్చిన మరుక్షణం అది నోట మాట రాకపోవడం అవుతుంది. క్రియ కాలం మారితే నుడికారం మొత్తం తిరగబడే చోట, యాప్ రెండింటినీ ఒకే కార్డు మీద, మధ్యలో ఒక గీత గీసి ఇచ్చింది.

ఎవరిని ఎవరు అనవచ్చు అన్న విషయంలో కూడా ఈ కార్డులు మౌనమే పాటిస్తాయి. 'తిపూన్ తిబ్యె న యిజిక్' అనేది అశుభం పలికినవారి మీద విసిరే మాట. తిపూన్ అనేది పక్షుల నాలుక కొసన గట్టిపడే పొక్కు లాంటి జబ్బు. అది నీ నాలుక మీద లేవాలి అని శాపం. మనవాళ్లు 'నీ నోట్లో మట్టిపడ' అన్నట్టే, లేదా 'శుభం పలకరా మంకెన్నా' అని తలపట్టుకున్నట్టే. ఇందులోని 'తిబ్యె' అన్నది 'నువ్వు' వరసలోని మాట. దాన్ని 'వమ్' అని మార్చి 'మీ నాలుక మీద' అని అనడం వ్యాకరణరీత్యా తప్పు కాకపోయినా, మనం ఒక పెద్దావిడతో 'మీ నోట్లో మట్టిపడ' అంటే ఎలా ఉంటుందో అదీ అలాగే ఉంటుంది. యాప్ దీనికి నవ్వుతున్న కోడిపిల్ల బొమ్మ వేసి సరదా విభాగంలో పెట్టింది.

ఈ కట్ట మొత్తంలో నన్ను ఎక్కువసేపు ఆపిన కార్డు 'యిజిక్ ఖరషో పద్వేషిన్' అన్నది. నాలుక బాగా వేలాడదీసి ఉందని మాటకు మాట అర్థం. తడుముకోకుండా చక్కగా మాట్లాడేవారి గురించి చెప్పేది. నాలుక వేలాడడం మనకు కుక్కను గుర్తుకు తెస్తుంది గానీ వాక్చాతుర్యాన్ని కాదు. రష్యన్‌లో చర్చి గంట లోపల వేలాడుతూ అంచులకు తగిలి మోగే లోహపు కడ్డీని కూడా 'యిజిక్' అనే అంటారు, ఈ నుడికారాన్ని ఆ గంటతో ముడిపెట్టి వివరించడం పరిపాటి. కడ్డీని సరిగ్గా వేలాడదీస్తేనే గంట ఖంగుమంటుంది. 1591లో ఉగ్లిచ్ పట్టణంలో రాకుమారుడు ద్మీత్రీ చనిపోయినప్పుడు జనాన్ని పోగుచేసి తిరుగుబాటుకు కారణమైందన్న నేరం మీద అక్కడి గంటకు శిక్ష వేసి, దాని నాలుకను ఊడబెరికి, సైబీరియాలోని తబోల్‌స్క్‌కు ప్రవాసం పంపారు. అది 1892లో గానీ సొంత ఊరికి తిరిగి రాలేదు. గంటకు నాలుక ఉండడమే కాదు, మనిషికి వేసే శిక్ష గంట నాలుకకు వేశారని తెలిశాక ఆ కార్డును మరిచిపోవడం ఎవరి తరమూ కాదు. యాప్‌లో ఈ కథ లేదు సరే, కనీసం గంట బొమ్మ కూడా లేదు. మైకు పట్టుకున్న ఒక పెద్దమనిషి ఉన్నాడు.

సేవ గురించి కూడా చెప్పాలి కాబట్టి ఒక ఫిర్యాదు చరిత్ర. సైనికుల భాషలో 'యిజిక్' అంటే సమాచారం రాబట్టడానికి పట్టి తెచ్చిన శత్రు సైనికుడు. నాలుకను పట్టుకోవడం అంటే అలాంటి బందీని తేవడం. ఇక్కడ మాట మనిషిని సూచిస్తుంది కనుక రష్యన్ వ్యాకరణం దాన్ని ప్రాణమున్న నామంగా లెక్కిస్తుంది, 'వ్జ్యాత్ యిజికా' అనాలి. కార్డు మీద 'యిజిక్' అనే ఉంది. నేను రాసి పంపితే రెండు రోజుల్లో మర్యాదగా జవాబిచ్చారు, తరువాతి వారం సరిచేశారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ సవరణతో పాటే పైన చెప్పిన కొరుక్కునే కార్డులో కూడా 'యిజికా' వచ్చి కూర్చుంది. అంటే ఇప్పుడు దాని ప్రకారం బందీని కొరకాలి. రెండోసారి రాసినదానికి ఇంకా జవాబు రాలేదు.

మిగిలినవాటిలో కొన్ని నాలుకవి కావు, భాషవి. మనసు కలిసేలా మాట కలపడాన్ని 'ఉమ్మడి భాష దొరకడం' అంటారు. 19వ శతాబ్దంలో ప్రభుత్వ సెన్సార్ కన్ను గప్పడానికి రచయితలు కథల మాటున చెప్పే పద్ధతికి 'ఈసపు భాష' అని పేరు. ఇవి విలువైనవే గానీ ఏది నాలుకో ఏది భాషో విడదీయకుండా కలిపేయడం గందరగోళం. 'నాలుక కీవ్ దాకా తీసుకుపోతుంది' అన్న సామెత కార్డు బాగుంది. దారి అడగడానికి మొహమాటపడకు అని భావం, అడగందే అమ్మయినా పెట్టదన్న ధోరణిలోనిది. అలసిపోయినవాడి నాలుక భుజం మీద ఉంటుందన్న కార్డుకు వేసిన బొమ్మ ఒక్కటే నన్ను నిజంగా నవ్వించింది.

చందా వచ్చే నెలతో ముగుస్తుంది. ఈ లోపాలన్నీ ఏకరువు పెట్టి, అయినా ఆ గొంతుల కోసం మళ్లీ కడతానని, ప్రతి కార్డుకూ ఒక సంభాషణ రాసి తెస్తానని పాఠం చివర మా ఉపాధ్యాయినితో అనేశాను. ఆమె తేదీ రాసుకుని, 'జ యిజిక్ నిక్తో ని త్యనూల్' అన్నారు. ఎవరూ నాలుక పట్టుకుని లాగలేదు, అంటే నీ అంతట నువ్వే ఒప్పుకున్నావు, ఇక నీదే పూచీ అని. వెతికి చూశాను, ఆ కార్డు ఈ కట్టలో లేదు.