నెలకోసారి వంట, ఫ్రీజర్‌లో నిలవ: మూడేళ్ల తర్వాత మా ఇంటి సమీక్ష

ముందే చెప్పేస్తాను. నెలకి సరిపడా కూరలు ఒకేసారి వండి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం మన తెలుగు వంటకి బాగానే పనికొస్తుంది. కానీ తాలింపుతో సహా పూర్తిగా వండేసి పెడితే మాత్రం పనికిరాదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా తేలికే.

గుంటూరులో మేం ఇద్దరమే ఉంటాం. మా ఆవిడ ఉద్యోగం విజయవాడలో, నాది ఇక్కడే. తను ఏడున్నరకల్లా గడప దాటాలి. ఇద్దరికీ మధ్యాహ్నం బాక్సు ఉండాలి. పొద్దున లేస్తూనే "ఇవాళ ఏం కూర?" అన్న టెన్షన్ భరించలేక మొదలుపెట్టిన పద్ధతి ఇది. నెల వంట అన్నానని ముప్పై రోజులూ మూడు పూటలూ ఫ్రీజర్ తిండే తింటామనుకోకండి. పనిరోజుల్లో బాక్సు వరకే దాని లెక్క. రాత్రిపూట దోసెలో, చారో, పచ్చడో ఏదో ఒకటి అప్పటికప్పుడు నడుస్తుంది. ఆదివారం ఎలాగూ తాజా వంటే.

ఈ నెలవారీ వంట పద్ధతి మీద దొరికే వీడియోలు ఎక్కువగా అమెరికా వాళ్లవి. ఓవెన్ ట్రేలు, చీజు, సూపులు. ట్రేతో సహా గడ్డకట్టించి, ట్రేతో సహా ఓవెన్లో పెట్టేస్తారు. అవి చూసి మన వంటని అలాగే చెయ్యబోతే కుదరదు. మన కూర ప్రాణం చివర్లో వేసే తాలింపులో ఉంటుంది. ఫ్రీజర్‌లో నెల ఉన్న కరివేపాకు నల్లబడి మెత్తగా నోటికి తగులుతుంది, వెల్లుల్లికి ఒక రకమైన చేదు వస్తుంది. ఇంగువ సంగతి చెప్పక్కర్లేదు, మూత సరిగా పడకపోతే ఐసు ముక్కలు కూడా ఇంగువ వాసనే. అందుకని ఉడికే పని, మగ్గే పని, రుబ్బే పని అంతా ముందే చేసి ఆపేస్తాం. పొద్దున ప్యాకెట్టు విప్పి కుతకుత ఉడికించి, పక్క పొయ్యి మీద ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు చిటపటలాడించి పోస్తే తిన్నవాళ్లకి నిలవ కూర అని తెలియదు. పది నిమిషాల పని.

ఫ్రీజర్‌కి అచ్చంగా సరిపోయే సరుకు గోంగూర. ఆకు ఒలిచి, కడిగి, చుక్క నీళ్లు పోయకుండా మూతపెట్టి సన్న సెగ మీద ఉంచితే తన నీళ్లతోనే ముద్దవుతుంది. చల్లారాక ఐసు ట్రేలో చెంచాతో అద్ది పెట్టాలి. గట్టిపడ్డాక గడ్డల్ని కవర్లోకి దులిపేసుకోవచ్చు. ఇద్దరికి సరిపడా పప్పులోకి రెండు గడ్డలు, అరకిలో మటన్‌లోకి నాలుగైదు. ఎర్ర గోంగూర అయితే పులుపు ఎక్కువ, ఒకటి తగ్గించుకోండి. ఒక జాగ్రత్త: గోంగూర, చింతపండు తగిలే చోట పార్సిల్ వాళ్లిచ్చే అల్యూమినియం రేకు డబ్బాలు వాడొద్దు. పులుపు అల్యూమినియాన్ని తినేస్తుంది, రేకుకి సన్నటి చిల్లులు పడతాయి. స్టీలు ట్రే గానీ, ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్ గానీ మేలు.

తర్వాతి స్థానం పులిహోర గుజ్జుది. చింతపండు గుజ్జు, పసుపు, పచ్చిమిర్చి, ఉప్పు వేసి నూనె తేలేదాకా ఉడికించి దాస్తాం. శనగపప్పు, వేరుశనగ గుళ్లు మాత్రం ఆ పొద్దుటే వేయించాలి. ముందే కలిపితే మెత్తబడిపోతాయి.

కందిపప్పు ఉట్టిది ఉడికించి పెట్టుకుంటే అందులోకి గోంగూర వేసినా, టమాటా గుజ్జు వేసినా, పాలకూర వేసినా మూడు రకాల పప్పులు. మరీ మెత్తగా ఎనపకుండా కాస్త బద్దగా ఉంచండి. కరిగేటప్పటికి పప్పు చిక్కబడుతుంది, వేడినీళ్లు పోసి పలచన చేసుకోవాల్సి వస్తుంది. ఉడికించిన శనగలు, అలసందలు కూడా ఏమాత్రం చెక్కుచెదరవు. ఉల్లిపాయ, టమాటా, అల్లం వెల్లుల్లి కలిపి వేయించిన మసాలా ముద్ద పెద్ద మూకుడుతో ఒకటి చేసిపెట్టుకుంటే శనగల కూరకీ, కోడిగుడ్ల కూరకీ, చికెన్‌కీ అదే ఆధారం.

గుత్తివంకాయ కూర ఫ్రీజ్ చెయ్యొద్దు. తొక్క గట్టిగా, లోపల నీళ్లగా తయారవుతుంది. అందులో కూరే కారం ఉంది చూశారా, నువ్వులు, ధనియాలు, ఎండుకొబ్బరి, ఎండుమిర్చితో నూరింది, దాన్ని దాచండి. వంకాయలు ఆ రోజు తాజాగా తెచ్చుకుంటే చాలు.

నన్నడిగితే ఫ్రీజర్‌కి పెట్టిన ఖర్చంతా ఎండాకాలంలోనే రాబట్టుకోవచ్చు. చింతచిగురు వచ్చేది కొద్ది వారాలే. ఈనెలు తీసి, నలిపి, కవర్లో పలచగా పరిచి పెడితే వానాకాలంలో చింతచిగురు పప్పు, చింతచిగురు రొయ్యలు. పుల్ల మామిడికాయ ముక్కలు కూడా అంతే, దసరాకి మామిడికాయ పప్పు తినొచ్చు. టమాటా చవగ్గా ఉన్నప్పుడు ఉడికించి గుజ్జు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాం. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటి పైకి పోయినప్పుడు మా ఇంట్లో టమాటా పప్పు ఆగలేదు.

ఇక కుదరనివి. బంగాళాదుంప కరిగాక ఇసుకిసుకగా, నీళ్లోడుతూ ఉంటుంది. ఉడికించిన గుడ్డు తెల్లసొన సాగుతుంది. మజ్జిగ పులుసు విరుగుతుంది. దొండకాయ, బెండకాయ వేపుళ్ల సంగతి అసలు ఆలోచించొద్దు. సొరకాయ, దోసకాయ, ములక్కాడల్లాంటి నీరున్న కూరగాయల్లో, లోపలి నీళ్లు ఐసు ముక్కలై కణాల గోడల్ని చీలుస్తాయి. కరిగేటప్పుడు ఆ నీళ్లన్నీ బయటికి కారి పీచు మిగులుతుంది. పప్పుచారు పెట్టుకోవాలంటే ముక్కల్లేకుండా పెట్టుకుని, ములక్కాడలు ఉడికించేటప్పుడు వేసుకోండి. చేపల పులుసు రెండోరోజు రుచే వేరని అందరికీ తెలుసు, అయితే అది ఫ్రిజ్ వరకే. ఫ్రీజర్‌కెక్కితే ముక్క విరిగిపోతుంది.

చికెన్ కూర బాగుంటుంది, మటన్ ఇంకా బాగుంటుంది. కాకపోతే లవంగం, మిరియం ఘాటు ఫ్రీజర్‌లో పెరుగుతుంది. వండేటప్పుడు సగమే వేసి, ధనియాలపొడి, కొత్తిమీర వేడిచేసే రోజున చల్లుకోవడం మేలు. ఉప్పు కూడా కాస్త తక్కువలోనే ఆపండి.

అన్నం మాత్రం ఏ రోజుకారోజే. కుక్కర్లో ఇరవై నిమిషాల్లో అయ్యేదానికి ఫ్రీజర్లో చోటు దండగ. పైగా బియ్యంలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. వండిన అన్నాన్ని గది వేడిలో గంటల తరబడి వదిలేస్తే మళ్లీ పెరిగి విషం పుట్టిస్తాయి. మన ఎండలకి ఆ తలనొప్పి ఎందుకు?

వంట రోజు ఎలా నడుస్తుందంటే, శనివారం సాయంత్రం కొల్లి శారద మార్కెట్‌కి వెళ్లి కూరగాయలు తెస్తాం. రాత్రికి శనగలు, అలసందలు నానబోసి, ఆకు ఒలుచుకుంటూ టీవీ చూస్తాం. ఆదివారం కొట్టు దగ్గర జనం పెరగకముందే చికెన్ తెచ్చేసుకోవాలి, లేకపోతే అక్కడే గంట పోతుంది. తరుగుడు నాది, పొయ్యి మా ఆవిడది. రెండు కుక్కర్లు, ఒక మూకుడు ఆగకుండా నడుస్తాయి. ఉల్లిపాయలు మందంగా తరిగానని తనూ, నూనె ఎక్కువ పోసిందని నేనూ అనుకోవడం ప్రతిసారీ ఉండేదే. ఒక్కరే చేయాలంటే మాత్రం వద్దని చెబుతాను. సాయంత్రానికి నడుం పట్టేస్తుంది, మరుసటి నెల ఆ మాటే ఎత్తరు. అంట్లు కూడా లెక్కలో పెట్టుకోండి. ఆ రోజు సింకు నిండి గట్టు మీదికొస్తాయి. మేం పనమ్మాయికి ముందే చెప్పి ఆ రోజుకి విడిగా డబ్బులిస్తాం. న్యాయం కూడా అదే.

అసలు కష్టం వండటం కాదు, చల్లార్చడం. దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. వండిన పదార్థాన్ని 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకో ఫ్రీజర్‌లోకో చేర్చాలన్నది నియమం. బయట వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువు 1 గంటే. గుంటూరులో 32 కంటే తక్కువుండే మధ్యాహ్నాలు ఏడాదిలో ఎన్ని? మే నెలలో అయితే ట్యాంకు నీళ్లే చెయ్యి కాలేటట్టు వస్తాయి, వాటిలో గిన్నె పెడితే చల్లారేదేముంది? అందుకని ముందు రోజు రాత్రే నాలుగైదు టిఫిను డబ్బాల్లో నీళ్లు గడ్డకట్టించి ఉంచుతాం. పెద్ద బేసిన్లో ఆ ఐసు గడ్డలు, నీళ్లు వేసి, అందులో పప్పు గిన్నె దించి గరిటెతో తిప్పుతూ ఉండాలి. లోతు గిన్నెలో నడుమన ఉన్నది ఎంతకీ చల్లారదు, వెడల్పాటి పళ్లేల్లోకి సర్దుకుంటే త్వరగా అవుతుంది. "ఏవండీ, తిప్పుతున్నారా, ఫోను చూస్తున్నారా?" అన్న కేక వంటింట్లోంచి వచ్చేది ఈ ఘట్టంలోనే.

చల్లారాక ఇద్దరికి ఒక పూటకి సరిపడా కొలిచి జిప్ కవర్లలో పోస్తాం. మార్కరుతో పేరు, తేదీ రాయడం కవరు ఖాళీగా, పొడిగా ఉన్నప్పుడే జరగాలి, తడి కవరు మీద సిరా నిలవదు. గడ్డకట్టాక ఏ పప్పు ఏదో కనిపెట్టడం దేవుడి తరం కూడా కాదు. గాలి తీసేసి, స్టీలు ట్రే మీద పలచగా పడుకోబెట్టి గడ్డకట్టించాలి. తర్వాత పుస్తకాల్లా నిలబెట్టి పేర్చుకోవచ్చు. పలచటి ప్యాకెట్టు రాత్రి కింద ఫ్రిజ్‌లోకి దించితే పొద్దుటికి కరిగి ఉంటుంది. డబ్బాల్లో పోసేవాళ్లు పైన వేలెడు ఖాళీ వదలండి, నీళ్లు గడ్డకడితే పెరుగుతాయి. గాజు సీసాలు పగులుతాయి. ఒకసారి కరిగించింది మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

మొత్తం సరుకు ఒకేసారి ఫ్రీజర్‌లో కుక్కకూడదు. అంత వేడిని అది ఒక్క రోజులో లాగలేదు, ముందునుంచీ ఉన్నవి కూడా మెత్తబడతాయి. సగం ఆదివారం, మిగతా సగం రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి సోమవారం పొద్దున మారుస్తాం. లోపల చిన్న థర్మామీటరు పెట్టుకోండి, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. అక్కడ ఉన్నంతకాలం పదార్థం పాడవదు, రుచి మాత్రం తగ్గుతూ వస్తుంది. మేం పప్పులు, కూరలు నెలా నెలన్నరలో తినేస్తాం.

మొదట్లో డబుల్ డోర్ ఫ్రిజ్ పై అరతోనే నడిపాం. మంచు పట్టకుండా ఉండేందుకు ఆ ఫ్రిజ్‌లు మధ్యమధ్యలో తమంతట తామే కాస్త వేడెక్కుతాయి కాబట్టి ప్యాకెట్లు త్వరగా ఎండినట్టయ్యేవి. తర్వాత 100 లీటర్ల పెట్టె ఫ్రీజర్, పైకి మూత తెరిచేది, కొన్నాం. మూత తీసినా చల్లగాలి కిందే ఉంటుంది. అడుగున పడ్డవి వెతకడానికి మాత్రం సగం ఒళ్లు లోపలికి వంచాలి. కరెంటు బిల్లు పెరుగుతుంది. వేసవిలో ఏసీ కూడా తోడైతే స్లాబు మారి ఇంకాస్త గుచ్చుకుంటుంది.

కరెంటు పోతే మూత తెరవకపోవడమే మందు. నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండింది 24 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. ఊరెళ్లేటప్పుడు ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి లోపల ఉంచండి. తిరిగొచ్చేసరికి బిళ్ల అడుగుకి దిగి ఉంటే మనం లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం, మొత్తం పారేయాల్సిందే. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, మా ఆవిడ ఆఫీసులో ఒకావిడ ఫ్రిజ్‌లో ఉన్నదంతా పారబోసుకుంది. అలాంటి వాటికి ఏ ఫ్రీజరూ ఆగదు. వాన కబురు గట్టిగా ఉంటే మేం కొత్త వంట పెట్టుకోం, ఉన్నది తింటాం.

మన క్యాలెండర్ ప్రకారం కూడా లెక్క వేసుకోవాలి. దీపావళి మర్నాటి నుంచి కార్తీకం, మా ఇంట్లో నీసు ఉండదు. అమావాస్యలోపు చికెన్ ప్యాకెట్లు ఖాళీ అయ్యేటట్టు చూసుకుంటాం. వ్రతాలకీ, తద్దినాలకీ ఫ్రీజర్ జోలికి పోం. మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు కూడా అంతే. "ఆవకాయ ఏడాది నిలవుంటే తింటాను గానీ కూర నిలవుంటే తిననురా" అంటుంది. ఆవిడ ఉన్నన్నాళ్లూ రోజూ తాజా వంటే, చింతచిగురుకి మాత్రం అభ్యంతరం లేదు.

డబ్బు మిగులుతుందా అంటే, సరుకుల్లో పెద్దగా తేడా లేదు. వారానికి రెండు మూడుసార్లు బయటనుంచి తెప్పించుకునే భోజనాలు ఆగాయి, మిగిలిందంతా అక్కడే. మొదలుపెట్టాలనుకునేవాళ్లు వెంటనే ఫ్రీజర్ కొనకండి. ఉన్న ఫ్రిజ్‌లోనే ముందు పప్పు, గోంగూర ముద్ద, పులిహోర గుజ్జు, మసాలా ముద్ద ఈ నాలుగూ పెట్టి ఒక నెల నడపండి. బాక్సుల దగ్గర హడావిడి తగ్గిందనిపిస్తే అప్పుడు పెట్టె ఫ్రీజర్ చూసుకోవచ్చు. ఇంట్లో పొద్దున్నే లేచి ఇష్టంగా వండే మనిషి ఉంటే మాత్రం ఇదంతా మీకు అనవసరం.