"కోళ్ళకి ఏమీ కాదు మేడమ్" అనే ఎలుకల మందు వాళ్ళతో జాగ్రత్త

బెంగళూరులో పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుకునే మనవాళ్ళందరికీ చేరాలని రాస్తున్నాను. పోయిన నెలలో ఒక్క సాయంత్రం నావి ఐదు కోళ్ళు చచ్చిపోయాయి. జబ్బు చేసి కాదు. డబ్బులిచ్చి నేనే పిలిపించుకున్న మనిషి పెట్టిన ఎలుకల మందు తిని.

మాది మదనపల్లె. రామమూర్తి నగర్‌లో ఇల్లు కట్టుకుని పన్నెండేళ్ళయింది. ఇంటి వెనక కాస్త ఖాళీ ఉంటే 11 కోళ్ళు పెట్టుకున్నాం. నాటువి ఏడు, గిరిరాజ జాతివి నాలుగు. ఈ వానల్లో గూడు చుట్టూ కలుగులు మొదలయ్యాయి. తెల్లారేసరికి గూడు కింద తోడిన మట్టి కుప్పలు, గుడ్లు మాయం. పక్కింటి కన్నడ ఆంటీ చూసి "ఇది ఇలి కాదమ్మా, హెగ్గణ" అంది. అంటే మామూలు ఎలుక కాదు, మన పందికొక్కు. పెద్ద కోడి రోజుకి 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. ఆ లెక్కన 50 కిలోల బస్తా మాకు ఐదు వారాల పైన రావాలి. మూడున్నర వారాలకే అడుగంటింది.

ముందు ఆన్‌లైన్‌లో శబ్దం చేసే మిషన్ ఒకటి కొన్నాను, 1,299 రూపాయలు. మన చెవికి వినపడని శబ్దానికి ఎలుకలు పారిపోతాయట. వారం తిరక్కుండానే దాని కిందే కూర్చుని దాణా తింటున్నాయి. ఆ శబ్దం గోడలు దాటదు, దానికి అవి తొందరగా అలవాటు పడిపోతాయి కూడా. ఈ మిషన్ల గొప్పలకి సాక్ష్యం ఉండాలని 2001లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తయారీదారులను హెచ్చరించిందని తర్వాత తెలిసింది. కొనకండి.

ఆ తర్వాత చేసిన తప్పు ఇంకా పెద్దది. ఫోన్‌లో ప్రకటన చూసి ఒక పెస్ట్ కంట్రోల్ అతన్ని పిలిచాను. కంపెనీ టీషర్టు, మెడలో కార్డు, ఏడాది గ్యారంటీ అని చీటీ. 2,800 రూపాయలు. "ఆయుర్వేదిక్ మేడమ్, కోళ్ళు తిన్నా ఏం కాదు. ఎలుక మాత్రం ఎండిపోయి చస్తుంది, వాసన కూడా రాదు" అన్నాడు. లేబుల్ లేని ప్లాస్టిక్ కవర్‌లోంచి బూడిద రంగు పట్టించిన నూకలు తీసి, కాగితం ముక్కల మీద గోడ పొడుగునా, పలకల కింద పెట్టాడు. మందు పేరేంటని అడిగితే "కంపెనీ ఫార్ములా" అన్నాడు. కవర్ దగ్గరికి తీసుకుంటే వెల్లుల్లి వాసన కొట్టింది. ఆయుర్వేదం అన్నాడు కదా, వెల్లుల్లి కలిపి ఉంటారనుకున్నాను. ఆ వాసనే నన్ను ఆపాల్సింది.

మూడింటికి రోజూలాగే కోళ్ళని వదిలాను. ఐదు దాటాక మా నల్ల పెట్ట తులసికోట పక్కన రెక్కలు వేలాడేసి నిలబడి ఉంది. ముక్కు తెరిచి, మెడ చాచి గాలి లాగుతోంది. ఎండ దెబ్బేమో అని నీళ్ళు తెచ్చేలోపు పక్కకి ఒరిగి కాళ్ళు కొట్టుకుంది. ఎనిమిదింటికల్లా ఇంకో నాలుగు. అత్తయ్య ఒక దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉంది, అది అలాగే పోయింది.

మర్నాడు పశువుల డాక్టరు గారి దగ్గరికి ఒకదాన్ని తీసుకెళ్ళాం. ఆయన ఆరుబయట పెట్టి, మాస్క్ వేసుకుని, మెడ కింద మేత సంచి కోశారు. నల్లబడిన నూకలు, అదే వెల్లుల్లి వాసన. వెంటనే మమ్మల్ని వెనక్కి జరగమన్నారు. జింక్ ఫాస్ఫైడ్ అన్నారు. కడుపులో యాసిడ్ తగలగానే ఫాస్ఫిన్ అనే విషవాయువు పుడుతుంది. కోళ్ళకీ కుక్కలకీ మనుషులకీ అందరికీ విషమే, విరుగుడు లేదు. ముందు రోజే తెచ్చినా బతికించగలిగేవాణ్ణని చెప్పలేనన్నారు. చచ్చిన కోళ్ళని చేతులకి గ్లౌజులు వేసుకుని లోతుగా పాతిపెట్టమన్నారు. మా పనమ్మాయి పాపం తెలియక కూరకి అడిగింది. ఎవరికీ ఇవ్వకండి, కుక్కలకి కూడా వేయకండి.

ఆ మనిషికి ఫోన్ చేస్తే "మీరే కదా కోళ్ళని వదిలారు" అని పెట్టేశాడు. తర్వాత ఎత్తలేదు. బిల్లు లేదు, లేబుల్ లేదు. దేంతో పోరాడను?

ఇది కోళ్ళ సంగతి మాత్రమే కాదు. 2024 నవంబర్‌లో చెన్నై దగ్గర కుండ్రత్తూరులో పెస్ట్ కంట్రోల్ వాళ్ళు ఇంట్లో ఎలుకల మందు పెట్టి వెళ్తే, ఆ రాత్రి అదే ఇంట్లో పడుకున్న ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. కలుగులో మాత్రలు వేసి మూసేస్తామని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోకండి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. వాటిలోంచి వచ్చేదీ అదే ఫాస్ఫిన్ వాయువు. గూడు కిందనుంచి పడగ్గది దాకా కలుగు ఎటు పోతుందో ఎవరికి తెలుసు?

1968 పురుగుమందుల చట్టం కింద ఎలుకల మందు కూడా వస్తుంది. ప్యాకెట్ మీద మందు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, విషం ఎంత తీవ్రమో చెప్పే రంగు గుర్తు, విరుగుడు వివరం ఉండాలి. మీ ముందే సీలు తెరవమనండి, లేబుల్ ఫోటో తీసుకోండి, బిల్లు అడగండి. వీటిలో ఒక్కటి కాదన్నా పంపించేయండి. బ్రొమాడియోలోన్ అనే ఇంకో రకం ఎలుకల మందు బిళ్ళలకి విటమిన్ కె1 విరుగుడు ఉంది కానీ, ఎలుక చావడానికి రోజులు పడుతుంది. ఈలోగా ఆ ఎలుకని పిల్లి గానీ గుడ్లగూబ గానీ తింటే దానికీ ముప్పే. కోళ్ళు కూడా చచ్చిన ఎలుకని పొడుస్తాయి. నా మాట వింటే కోళ్ళున్న చోట మందు జోలికే పోవద్దు.

మాకు పనిచేసింది మూత బిగించిన రేకు డ్రమ్ము. దాణా అంతా అందులోకి మార్చాం. పొద్దు గూకగానే తొట్లు లోపల పెట్టేస్తున్నాం, గుడ్లు సాయంత్రమే తీసేస్తున్నాం. గోడవారనున్న పాత ఇటుకలు, కట్టెలు పారేశాం. పాత కోళ్ళ జాలీని పందికొక్కు కొరికేసింది. అందుకని మా ఆయన అరంగుళం వెల్డ్ మెష్ కొని గూడు అడుగున పరిచి, చుట్టూ అడుగు వెడల్పున మట్టిలోకి పరిచారు. చుంచుల బెడద ఉంటే పావంగుళం మెష్ మేలు. కలుగులన్నీ సాయంత్రం మట్టితో మూసి, పొద్దున మళ్ళీ తవ్వి ఉన్న వాటి దగ్గర మాత్రం బోను పెట్టాం. కొత్త వస్తువంటే ఎలుకకి అనుమానం. మూడు రోజులు బోను తెరిచే ఉంచి ఎండు చేప ముక్క పెట్టాం, నాలుగో రోజు నుంచి బిగించాం. మూడు వారాల్లో తొమ్మిది పడ్డాయి. కలుగుల దగ్గర చేతులు పెట్టేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి, ఎలుకల మూత్రంతో వచ్చే జ్వరం తక్కువదేం కాదు.

మిగిలిన నూకలు గాజు సీసాలో గట్టిగా మూసి, తడి తగలకుండా, ఇంటి బయట తాళం వేసిన పెట్టెలో ఉంచాను. వ్యవసాయ శాఖ పురుగుమందుల ఇన్‌స్పెక్టరుకి ఫిర్యాదుతో పాటు ఇస్తున్నాం. రామమూర్తి నగర్, హోరమావు, కేఆర్ పురం వైపు ఉన్నవాళ్ళు ఎవరైనా ఈ మధ్య లేబుల్ లేని బూడిద రంగు నూకలు పెట్టించుకుని ఉంటే, వాటికి వెల్లుల్లి వాసన వస్తుంటే, కోళ్ళనీ పిల్లల్నీ ఈ రోజే అటు పోనివ్వకండి. మీ దగ్గరికి వచ్చిన మనిషి ఏం చెప్పాడో నాకు రాయండి, ఫిర్యాదులో కలుపుతాను.